లో వోల్టేజి గిటార్

నా ఎడమ చేతిలో మధ్య వేలికీ ఉంగరం వేలికీ కొసలు లేవు. అవి బాయిలో పోయాయి. మా వైపు బొగ్గు గనిని బాయి అనే అంటాం. పట్టాల మీద నడిచే బొగ్గు టబ్బుల్ని ఒకదానికొకటి లింకుతో తగిలించే పని నాది. ఒకరోజు లింకు పెడుతుంటే వెనక టబ్బు కదిలింది, నేను చెయ్యి తీసేసరికి ఆలస్యమైంది. ఎవరి మీదా చెప్పడానికి ఏమీ లేదు. ఆ పూట నా మనసు ఎక్కడో ఉంది, అంతే.

దవాఖానలో కుట్లు వేశారు. పుండు మానింది. వేళ్ళు కొంచెం పొట్టివై, కొసల్లో నున్నటి కొత్త చర్మంతో మిగిలాయి. తిరిగి రానిది స్పర్శ. చాయ్ గ్లాసు పట్టుకుంటే వేడి తెలియదు, ఐసు పట్టుకుంటే చల్లదనం తెలియదు. మొదట ఆ రెండు వేళ్ళే. తర్వాత తర్వాత అరచెయ్యి, ఆ పైన మణికట్టు దాకా మొద్దుబారిపోయింది. నా చెయ్యి మా ఇంట్లో అద్దెకున్న మనిషిలాగా అయింది. ఉంటుంది, పలకరించదు.

నిజం చెప్పాలంటే మొద్దుబారింది చెయ్యి ఒక్కటే కాదు. ఆ రోజుల్లో నాకు దేనికీ పెద్దగా ఏమీ అనిపించేది కాదు. చుట్టాలింట్లో చావయితే పోయి కూర్చుని వచ్చాను. పెళ్ళికి పిలిస్తే పోయి తిని వచ్చాను. రెండింటికీ ఒకే మొహం పెట్టుకుని పోయానని నా భార్య గొడవ పెట్టుకుంది.

"చావుకాడ నవ్వకపోతివి, మంచిదే. పెండ్లికాడనన్న నవ్వద్దా?" అంది.

నవ్వాలనే నాకూ ఉంది. అది ఎలా మొదలుపెట్టాలో గుర్తు రాలేదు.

బాయి దిగడం కుదరక నన్ను పైన ల్యాంపు రూములో వేశారు. కార్మికుల టోపీ దీపాలకు చార్జింగు పెట్టి, షిఫ్టుకు ముందు వాళ్ళ చేతికివ్వడం అక్కడి పని. అక్కడా ఎడమ చెయ్యి నా మాట వినలేదు. ప్లగ్గు పట్టుకున్నాననుకుంటాను, చూస్తే అది కింద పడి ఉంటుంది. నా చేతిలో ఏముందో కళ్ళతో చూస్తే తప్ప నాకే తెలియదు. బాయి లోపల, దీపం వెలుగు పడని చోట, చేతులతోనే చూడాలి. అలాంటి చెయ్యి పెట్టుకుని ఇక ఎన్నాళ్ళని, మెడికల్ బోర్డుకు పెట్టుకున్నాను.

ఇంకెక్కడైనా మనిషి డాక్టరు దగ్గరికి పోతే నువ్వు బాగున్నావని అనిపించుకోవాలని చూస్తాడు. మా బొగ్గు బాయిల దగ్గర నడివయసు దాటినవాడు నువ్వు బాగాలేవని అనిపించుకోవాలని చూస్తాడు. బోర్డు అన్‌ఫిట్ అని రాస్తే అతను ఇంటికి పోతాడు, అతని కొడుకో బిడ్డో ఉద్యోగంలోకి వస్తారు. అందుకే మా కాలనీలో ఎవరైనా అన్‌ఫిట్ అయితే స్వీట్లు పంచుతారు. ఫిట్ అని తిప్పి పంపితే అందరూ వచ్చి ఓదార్చి పోతారు.

నాకు ఒక్కతే బిడ్డ. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివింది. గోదావరి దాటి మంచిర్యాలలో ఒక మొబైల్ షాపులో పనిచేసేది. "నేను నేర్సుకున్నది మోటర్లు బాపు. చేసేది ఫోన్ల మీద అద్దాలు అతికెయ్యడం" అనేది. నా ఉద్యోగం తనకు కావాలని ఆమె ఎప్పుడూ దాచుకోలేదు, నన్ను మొహమాటపెట్టనూ లేదు. కావాలంది, అంతే. ఆ ఇంట్లో దేని కోసమైనా గట్టిగా కోరుకునే మనిషి ఆమె ఒక్కతే.

బోర్డు పిలుపు కోసం ఎదురుచూసే ఆ రోజుల్లోనే నేను గిటారు పట్టాను. అది వింతగా అనిపించవచ్చు. దానికి కొంచెం వెనక్కి పోవాలి.

నా చిన్నప్పుడు ఇక్కడ కొత్త యంత్రాలు బిగించడానికి విదేశాల నుంచి ఇంజినీర్లు వచ్చారు. మా నాన్న వాళ్ళుండే గెస్ట్‌హౌస్‌లో వంట చేసేవాడు. వాళ్ళలో ఒకాయన పోతూ పోతూ ఒక క్యాసెట్ వదిలేసి పోయాడు. దానిమీద పేరు లేదు, బొమ్మ లేదు. మా నాన్న దాన్ని ఇంటికి తెచ్చాడు. టేప్‌రికార్డర్లో వేస్తే మా అమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి మిషను చెడిపోయిందనుకుని స్విచ్ ఆపేసింది. చెడిపోలేదు. అది గిటారు.

అంత లావు శబ్దం నేను అంతకుముందు వినలేదు. తొందర లేదు దానికి. బరువైన వస్తువును నలుగురు కలిసి నేలమీద ఈడ్చినట్టు నిదానంగా కదిలేది. ఒక దెబ్బ కొడితే శబ్దం కొంచెం కుంగి, మళ్ళీ లేచి, అలాగే నిలబడేది. ఆ పాటల్లో మాటలు నాకు అర్థం కాలేదు, ఇప్పటికీ కావు. ఆ క్యాసెట్ టేపును కొన్నాళ్ళకు మిషన్ నమిలేసింది. శబ్దం మాత్రం నాలో ఉండిపోయింది.

బోర్డుకు పెట్టుకున్నాక ఒకరోజు ఆ క్యాసెట్ సంగతి చెబితే నా బిడ్డ ఫోన్లో వెతికి అలాంటి పాటలే వినిపించింది. "దీన్ని హెవీ మెటల్ అంటరు బాపు. గిది మొదట్లది, పాతది. తర్వాత తర్వాత వచ్చిన దాంట్ల ఉరుకుడే ఉంటది" అంది. ఆమె పెద్ద స్పీకరుకు కలిపి పెట్టింది. నా చెయ్యి మంచం అంచు మీద ఉంది. ఆ శబ్దానికి మంచం కోడు వణికితే ఆ వణుకు నా మోచేతి ఎముకలో తెలిసింది. చర్మానికి తెలియనిది ఎముకకు తెలిసింది. చాలా రోజుల తర్వాత నాకు ఏదో ఒకటి తగిలిందనిపించింది. ఆ శబ్దాన్ని నేనే చెయ్యాలని అప్పుడే అనుకున్నాను. ఎవరికీ వినిపించడానికి కాదు. నాకు తగలడానికి.

గిటారు దొరకడం కష్టం కాలేదు. మా కాలనీ చర్చిలో వాయించే ఒకాయన కొత్తది కొనుక్కుని పాత ఎలక్ట్రిక్ గిటారును నాకు ఇచ్చాడు. చిన్నప్పుడు యూనియన్ కళాబృందంలో డప్పుతో పాటు మామూలు గిటారు కొంత వాయించినవాణ్ణే, కాబట్టి మరీ అఆలు దిద్దాల్సిన పని పడలేదు. కష్టమంతా యాంప్లిఫయర్‌తో వచ్చింది. ఇప్పటి చిన్న చిన్న యాంప్లిఫయర్లలో ఆ లావు రాదు. కీచుమంటాయి, లేదా తుమ్మెదలాగా ముక్కుతో పాడతాయి. ఆ కాలంలో వాళ్ళు వాడినవి గాజు వాల్వులతో నడిచేవి. అవి వేడెక్కాలి, వాటిని వాటి శక్తికి మించి అరిపించాలి.

మార్కెట్ సందులో మైకుసెట్లు బాగుచేసే ఒక భాయ్ ఉన్నాడు. నాకంటే పెద్దవాడు, నన్ను తమ్మీ అంటాడు. ఆయన షాపులో అటక మీద ఒక పాత వాల్వు యాంప్లిఫయర్ ఉందని నాకు ఎప్పటినుంచో తెలుసు. ఒకప్పుడు మా ఊరి పెళ్ళిళ్ళూ, మీటింగులూ, దర్గా ఉర్సులూ అన్నీ దాని నోటినుంచే వినపడ్డాయి. అడిగితే ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"గిటార్‌కా? గీ ఉమర్ల నీకు గిటార్ ఏంది తమ్మీ?" అన్నాడు. మళ్ళీ తనే, "ఆగు, దించుత. గది మోగి మస్తు దినాలైంది, దానిక్కూడ దిల్ ఉంటది" అన్నాడు.

దించాక ఆయనకు నాకంటే పిచ్చి ఎక్కువైంది. పాత రేడియోలు విప్పి, అందులో ఉండే పాతకాలపు ట్రాన్సిస్టర్లు ఏరి, ఒక చిన్న డబ్బా తయారు చేశాడు. గిటారుకూ యాంప్లిఫయర్‌కూ మధ్య అది పెడితే, లోపలికి పోయే శబ్దం బలంగా పోయి వాల్వులను అరిపిస్తుంది. మూతబడ్డ ఒక సినిమా హాలు స్పీకర్లు రెండు తెచ్చి చెక్కపెట్టెలో బిగించాడు. ఆయన బేగం అన్నం డబ్బా పంపిస్తే అది సాయంత్రం దాకా అలాగే ఉండేది.

మిగిలింది నా వేళ్ళు. కొసలు లేని వేళ్ళతో తీగ నొక్కితే జారుతుంది. నొప్పి తెలియదు కాబట్టి కోసుకుపోయినా తెలియదు, గిటారు మీద రక్తం చూసి తెలుసుకోవాలి. నా బిడ్డ దానికి ఒక ఉపాయం ఆలోచించింది. కరెంటు కేబుళ్ళు అతికేటప్పుడు పైన ఒక నల్ల స్లీవ్ తొడుగుతారు. వేడి తగిలితే అది ముడుచుకుని గట్టిగా పట్టేస్తుంది. ఆ ముక్కలు రెండు తెచ్చి నా వేళ్ళకు తొడిగి, కింద లైటర్ వెలిగించింది.

"కాల్తే చెప్పు బాపు" అంది.

నేను టీవీ చూస్తున్నాను. ఆమె జాగ్రత్తగా లైటర్ తిప్పుతోంది. వంటింట్లోంచి నా భార్య, "ఏందే మాడు వాసన?" అని అరిచింది. బిడ్డ నా మొహం చూసింది, నా వేలు చూసింది, లైటర్ కింద పడేసింది.

"బాపు, కాల్తలేదా?"

"లేదు బిడ్డ."

ఆమె నా చెయ్యి లాక్కుపోయి నల్లా నీళ్ళ కింద పెట్టి చాలాసేపు పట్టుకుంది. అంతసేపు అక్కరలేదని చెప్పినా వదల్లేదు. అందరి తండ్రుల్లాగే నేను కూడా బోర్డు కోసం ఉన్నదాన్ని కొంచెం ఎక్కువ చేసి చెబుతున్నానని ఆమె అప్పటిదాకా అనుకుంది. ఆ మాట ఆమే చెప్పి ఏడ్చింది. నేను పక్కన నిలబడి ఆమె వీపు నిమరాలనుకున్నాను, కుడి చేత్తో నిమిరాను. ఆ తర్వాత ఆమె స్లీవులను మార్కర్ పెన్ను మీద కాల్చి, చల్లారాక నా వేళ్ళకు తొడిగింది. కాలిన చోట చిన్న మచ్చ మిగిలింది.

స్లీవులు తొడుక్కుంటే బిగుతు తీగలు లొంగలేదు. తీగలన్నీ వదులు చేశాను. వదులు చేసేసరికి శబ్దం దానంతటదే కిందికి దిగింది, బరువెక్కింది. ఆ మొదటి కాలం వాళ్ళలో కూడా కొందరు ఇలాగే తీగలు వదులు చేసేవాళ్ళని బిడ్డ ఫోన్లో చదివి చెప్పింది. గిటారు మీద నా వేళ్ళు ఎక్కడున్నాయో కళ్ళతో చూసుకుంటూ రెండు తీగలు కలిపి నొక్కగలిగితే చాలు. ఆ సంగీతానికి అంతకంటే ఎక్కువ వేళ్ళు అక్కరలేదు.

అన్నీ కుదిరాయి, శబ్దం కుదరలేదు. భాయ్ షాపులో కొడితే కీచు. మా క్వార్టర్లో కొడితే కీచు. పెద్దగానే ఉంది గానీ అందులో ఆ కుంగడమూ లేవడమూ లేవు, గోడకు కొట్టినట్టు తిరిగి మొహం మీదికే వస్తుంది. భాయ్ వాల్వులు మార్చాడు, డబ్బాలో ట్రాన్సిస్టర్ మార్చాడు, స్పీకర్ తిప్పి పెట్టాడు. ఏం మార్చినా అదే. ఆయన ఒక్కటే మార్చలేదు, స్టెబిలైజర్. మా కాలనీలో టీవీ కొన్నా ఫ్రిజ్ కొన్నా ముందు స్టెబిలైజర్ కొంటాం. మా కరెంటు సంగతి మాకు తెలుసు. భాయ్ కూడా మొదటిరోజే చెప్పాడు: "వాల్వులు నాజూకు తమ్మీ. స్టెబిలైజర్ లేకుండ పెట్టినవనుకో, ఖరాబ్ అయితయి." నేను దాన్ని దేవుడి పటం పెట్టినంత భక్తిగా పెట్టాను.

ఒక సాయంత్రం నా భార్య ఫ్రిజ్ టకటకమంటోందని ఆ స్టెబిలైజర్ పీక్కుపోయింది. నేను విసుక్కుని యాంప్లిఫయర్‌ను నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టాను. మొదటి దెబ్బ కొట్టాను.

అదే. గెస్ట్‌హౌస్ క్యాసెట్లోది. శబ్దం కుంగింది, లేచింది, నిలబడింది. గిటారు చెక్క నా పొట్టకు ఆనుకుని వణికింది, ఆ వణుకు భుజం దాకా పోయింది. నేను మళ్ళీ మళ్ళీ అదే ఒక్క దెబ్బ కొడుతూ కూర్చున్నాను. నాకు సంతోషం వేసింది. ఆ మాట రాస్తుంటే ఇప్పుడు కూడా కొంచెం సిగ్గుగా ఉంది, కానీ వేసింది.

మర్నాడు మధ్యాహ్నం భాయ్‌ని పిలిచి కొట్టి చూపించాను. కీచు. ఆయన మర్యాదకు తల ఊపి చాయ్ తాగి పోయాడు. సాయంత్రం కొడితే మళ్ళీ లావు. ఆ మర్నాడు పొద్దున కీచు. నా చేతిలోనే ఏదో ఉందనుకున్నాను, సాయంత్రానికి చెయ్యి కుదురుకుంటుందనుకున్నాను. నా భార్య గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"ఒక్కటి అడుగుత. నువ్వు మంచిగ కొట్టినప్పుడల్ల నా పప్పు ఎందుకు ఉడుకుతలేదు?"

అప్పుడు తెలిసింది. మా క్వార్టర్లలో కరెంటు కంపెనీదే, మీటర్లు లేవు, కాబట్టి మేము పెద్దగా లెక్క చూసుకోం. ఇంట్లో గ్యాసు ఉన్నా సరే, వంటకు కాయిల్ హీటరే, స్నానం నీళ్ళకు హీటరే. మొదటి షిఫ్టు వాళ్ళు ఇల్లు చేరి, స్నానాలకు నీళ్ళు పెట్టి, వంటలు మొదలయ్యే సాయంత్రం వేళకు మా క్వార్టర్ల లైనంతా ఒకేసారి హీటర్లు వేస్తుంది. వోల్టేజి కిందికి పడిపోతుంది. పప్పు ఉడకదు, ఫ్యాను మెల్లగా తిరుగుతుంది. ఆ చాలీచాలని కరెంటుకు మా ముసలి యాంప్లిఫయర్ ఆయాసపడుతుంది. ఆ ఆయాసమే నేను వెతుకుతున్న శబ్దం. మేము నెలల తరబడి స్టెబిలైజర్ పెట్టి దాన్ని రాకుండా కాపలా కాశాం.

భాయ్‌కి చెబితే తల కొట్టుకుని నవ్వాడు. ఎల్‌ఈడీ బల్బులకు వోల్టేజి పడిపోయినా తెలియదని, ఒక పాతకాలం తీగ బల్బు తెచ్చి మా ముందుగదిలో వేలాడదీశాడు. అది పసుపు రంగుకు దిగితే గిటారు తీయాలి. తెల్లగా ఉంటే ముట్టుకోకూడదు. అప్పటినుంచి రోజూ సాయంత్రం బల్బు పచ్చబడగానే నేను కూర్చునేవాణ్ణి. పెద్ద శబ్దం పెట్టకపోతే వాల్వులు అరవవు, లైనంతా ఇంట్లో లేకపోతే వోల్టేజి పడదు. అంటే నేను వాయించే ప్రతిసారీ లైనంతా వినాల్సిందే. ఎవరూ తిట్టలేదు. పక్క క్వార్టర్ అవ్వ మాత్రం, "నీ మిషన్ మంచిగనే నడుస్తున్నది గని కొడుకా, ఇంతకు ఏం పట్టిస్తున్నవ్, పిండా కారమా?" అని అడిగింది.

ఆ రోజుల్లో బోర్డు పిలుపు వచ్చింది. అదే వారం ఎవరో కిటికీలోంచి నన్ను వీడియో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. పెట్టినవాళ్ళకు ఏ చెడ్డ ఉద్దేశమూ లేదు, మెచ్చుకుంటూనే పెట్టారు. వీడియోలో నా ఎడమ చెయ్యి గిటారు మెడమీద పైకీ కిందికీ పోతూ చక్కగా కనిపిస్తోంది.

నా బిడ్డ మంచిర్యాల షాపులో ఉండగానే అది చూసింది. ఇంటికి వచ్చి బ్యాగు కూడా దించలేదు.

"బాపు, గీ వీడియో గన్క బోర్డుల ఎవలన్న చూస్తే?"

"చెయ్యి పనిజేస్తలేదనేది నిజమే గదా బిడ్డ."

"నాకు తెలుసు. నేను కాల్చి చూసిన్నాయె. వాళ్ళకెట్ల తెలుస్తది?" ఆమె ఫోను నా ఒళ్ళో పడేసింది. "నేను గా షాపుల ఇంక ఉండలేను బాపు. బోర్డు అయ్యేదాక ముట్టకు. నీ కాళ్ళు మొక్కుత."

ఆమె ఇల్లిల్లూ తిరిగి అందరి ఫోన్లలోంచి ఆ వీడియో తీసేయించింది. నేను గిటారును గుడ్డలో చుట్టి బీరువా పైన పెట్టాను. సాయంత్రం బల్బు పచ్చబడేది. నేను దాని కింద కూర్చుని చూసేవాణ్ణి. బాధ కలగాలి కదా అనుకునేవాణ్ణి, అది కూడా సరిగా కలిగేది కాదు. మళ్ళీ అంతా వెనకటిలాగే అయిపోయింది. పప్పు ఉడకలేదని నా భార్య కూడా అనడం మానేసింది.

బోర్డు రోజున బిడ్డ నాతో వచ్చింది. పెద్ద దవాఖాన వరండాలో మాలాంటి వాళ్ళే అందరూ. ఒకరు కుంటుతూ, ఒకరు దగ్గుతూ, ఒకరు కళ్ళు చికిలిస్తూ. నిజంగా బాగాలేని వాళ్ళే చాలామంది, అయినా పేరు పిలవగానే ఇంకొంచెం బాగాలేకుండా అయ్యేవారు. నా పేరు పిలిచారు. బిడ్డ బయటే ఉండిపోయింది.

లోపల బల్ల వెనక డాక్టర్లు కూర్చుని ఉన్నారు. ఒకాయన లేచి వచ్చి నన్ను కళ్ళు మూసుకోమని సూదితో వేళ్ళమీద గుచ్చాడు. తెలుస్తుందా అంటే తెలియదన్నాను. అలా అందరూ అంటారు కాబట్టి ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. చెయ్యి తిప్పి చూశాడు. ఉంగరం వేలి కొసమీద మచ్చ దగ్గర ఆగాడు.

"ఇదేంటి?"

"కాలింది సార్."

"ఎప్పుడు కాలింది? నొప్పి తెలియలేదా?"

"తెల్వలేదు సార్. వాసన వస్తె తెలిసింది."

ఆయన మిగతావాళ్ళను పిలిచాడు. ముగ్గురూ నా వేలు మీదికి వంగారు. ఎలా కాలిందని అడిగాడు ఒకాయన. అక్కడ నేను పొయ్యి అని ఉండవచ్చు, హీటరు అని ఉండవచ్చు. ముందు అనుకుని పోయింది కూడా అదే. కానీ అబద్ధం చెప్పడానికి కూడా కొంత ఓపిక కావాలి. ఆ పూట నా దగ్గర అది లేదు.

"నా బిడ్డ వేలికి స్లీవ్ తొడిగి కాల్చింది సార్. గిటార్ వాయించనీకి."

నా బిడ్డ ఉద్యోగం నా నోటితో నేనే పోగొట్టానని అనుకున్నాను. గుండె దడదడలాడింది. అంత గట్టిగా ఏదైనా అనిపించి చాలాకాలమైంది.

వాళ్ళలో పెద్దాయన నవ్వాడు. "ఈ వేళ్ళతోనా?" అన్నాడు. మిగతా ఇద్దరూ కూడా జాలిగా నవ్వారు. సూది గుచ్చిన ఆయన నా భుజం తట్టి, పోవచ్చన్నాడు.

బయట బిడ్డ ఎదురొచ్చింది. "ఏమడిగిన్రు బాపు?"

"మచ్చ గురించి అడిగిన్రు."

"ఏం జెప్పినవ్?"

"గిటార్ అని చెప్పిన."

ఆమె అక్కడే మెట్టుమీద కూర్చుండిపోయింది. తిరిగి వచ్చేదాకా బస్సులో మొహం అటు తిప్పుకుని కూర్చుంది. వాళ్ళు నమ్మలేదని ఎంత చెప్పినా కిటికీలోంచే చూసింది.

అన్‌ఫిట్ అనే వచ్చింది. మా లైనంతా వచ్చి స్వీట్లు తిని పోయింది. కొన్ని నెలలకు నా బిడ్డకు ఉద్యోగం వచ్చింది, ఆ కాగితం చేతికొచ్చేదాకా ఆమె గిటారును బీరువా మీంచి దించనివ్వలేదు. మొదట మామూలు కూలి పని, తర్వాత పరీక్ష పాసైతే ఎలక్ట్రీషియన్. ఆమెను బొగ్గును ముక్కలు కొట్టి వ్యాగన్లకు ఎక్కించే ప్లాంటులో వేశారు. మొదటిరోజు టోపీ పెట్టుకుని అద్దం ముందు నిలబడితే నా భార్య దిష్టి తీసింది.

అన్‌ఫిట్ అయినవాడు క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. బిడ్డకు ఆమె వంతు వచ్చినప్పుడు ఇస్తారు, అప్పటిదాకా ఊళ్ళో అద్దె ఇల్లే. ఇది నాకు ముందు తెలియక కాదు. కానీ తెలియడం వేరు, యాంప్లిఫయర్‌ను ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని మెయిన్ రోడ్డు పక్క ఇంటికి తెచ్చుకోవడం వేరు. ఇక్కడ అందరికీ మీటర్లున్నాయి. అందరూ గ్యాసు మీదే వండుకుంటారు. నా భార్య పప్పు మూడు విజిళ్ళకే ఉడికిపోతుంది. భాయ్ ఇచ్చిన తీగ బల్బును ఇక్కడా వేలాడదీశాను. పొద్దునా సాయంత్రమూ అది ఒకేలా తెల్లగా వెలుగుతుంది.

గుడ్డ విప్పి గిటారు తీసి కొట్టాను. కీచు. సాయంత్రం కొట్టాను, కీచు. వోల్టేజిని తగ్గించే యంత్రాలు ఉంటాయని, ఎక్కడైనా పాతది దొరికితే తెస్తానని భాయ్ అన్నాడు. ఇంకా వెతుకుతూనే ఉన్నాడు. నేను సరేలే అన్నాను. దేనికైనా సరేలే అనడం నాకు మళ్ళీ అలవాటైంది.

మొన్నొక సాయంత్రం బిడ్డ మొదటి షిఫ్టు చేసి వచ్చింది. చెప్పులు విడుస్తూనే గుమ్మంలో నిలబడి కాసేపు విన్నది.

"గట్ల వస్తలేదు గదా బాపు."

"లేదు బిడ్డ."

ఆమె లోపలికి పోయింది. బకెట్లో వాటర్ హీటర్ వేసింది. ఇస్త్రీపెట్టె పెట్టింది. పాత కాయిల్ హీటర్ మంచం కిందినుంచి లాగి పెట్టింది. మిక్సీ తిప్పింది, గ్రైండర్ వేసింది. ఒక్కొక్కటీ వేసి వచ్చి తలెత్తి బల్బు చూస్తోంది. నా భార్య, "పిచ్చి లేసిందా నీకు, మీటరు గిర్ర గిర్ర తిరుగుతున్నది!" అని వెంటపడింది. బల్బు అలాగే తెల్లగా ఉంది.

బిడ్డ అన్నీ ఆపేసి వచ్చి గోడకు ఆనుకుని కింద కూర్చుంది. బట్టలు కూడా మార్చుకోలేదు.

"ఎట్లుంటే గట్లనే కొట్టు బాపు. నేను వింట."

నేను కొట్టాను. కీచుమంటూనే ఉంది, గది అదిరిపోయేంత పెద్దగా ఉంది. కొంతసేపటికి చూస్తే ఆమె నిద్రపోయి ఉంది. స్పీకర్ పెట్టె ఆమె తలకు జానెడు దూరంలో ఉంది. రోజంతా ఆ ప్లాంటు మోతలో నిలబడి వచ్చిన మనిషికి ఇది ఒక లెక్క కాదు. నేను కూడా డ్యూటీ నుంచి వచ్చి ఇలాగే పడుకునేవాణ్ణి. పక్కన పెళ్ళి బ్యాండు మోగినా లేచేవాణ్ణి కాదని నా భార్య చెప్పుకునేది.

గిటారు పక్కన పెట్టి ఆమె దగ్గర కూర్చున్నాను. ఆమె అరచెయ్యి తెరిచి ఒళ్ళో ఉంది. ఎడమ చేత్తో ముట్టుకున్నాను. ఏమీ తెలియలేదు. కుడి చేత్తో ముట్టుకున్నాను. వేళ్ళ మొదళ్ళలో కాయలు కాసి గరుకుగా ఉంది. ఫోన్ల మీద అద్దాలు అతికించిన రోజుల్లో ఆ చెయ్యి ఇలా ఉండేది కాదు. నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ ఏ చావుకూ రానిది ఇప్పుడు వచ్చింది.

ఆమె కళ్ళు తెరవలేదు.

"ఆపినవేంది బాపు," అంది నిద్రలోనే. "సప్పుడు లేకపోతె నిద్ర పడ్తలేదు."

నేను మళ్ళీ గిటారు తీసుకున్నాను.